పేరు ఒకటే, ఇంజిన్లు వేరు: సెకండ్ హ్యాండ్ రెట్రో కార్ల చిక్కుముడి

2008లో తయారైన రెండు మినీ కూపర్ ఎస్ బండ్లను పక్కపక్కన పెట్టారనుకుందాం. ఒకటి మామూలు హ్యాచ్‌బ్యాక్, రెండోది టాప్ తెరుచుకునే కన్వర్టబుల్. పేరు ఒకటే, ఏడాది ఒకటే, ముఖం దాదాపు ఒకటే. బోనెట్ ఎత్తితే హ్యాచ్‌బ్యాక్‌లో టర్బో (ఇంజిన్ వదిలే పొగ ఒత్తిడితో తిరుగుతూ లోపలికి గాలిని తోసే యంత్రం) ఉన్న ఇంజిన్ కనిపిస్తుంది, కన్వర్టబుల్‌లో సూపర్‌ఛార్జర్ ఇంజిన్ కనిపిస్తుంది. ఒకదానికి వచ్చే ప్రధాన జబ్బు రెండోదానికి రానే రాదు. ‘2008 కూపర్ ఎస్ కొనొచ్చా?’ అని అడిగితే ఒకరు బ్రహ్మాండం అనడానికి, ఇంకొకరు దాని జోలికే పోవద్దనడానికి సగం కారణం ఇదే. ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు బండ్ల గురించి.

రెట్రో కార్లన్నిటిలోనూ ఈ తికమక ఎంతో కొంత ఉంది. రూపం మారకపోవడమే వీటి ఆకర్షణ కాబట్టి, లోపల ఎంత మారినా బయటికి తెలియనివ్వరు. ప్రకటనలో పెద్దక్షరాలతో వేసే మోడల్ పేరు, ఏడాది, రంగు కన్నా ఇంజిన్ కోడ్, తయారీ నెల, గేర్‌బాక్స్ రకం అనే మూడు సంగతులు ఎక్కువ చెబుతాయి.

రెట్రో కారు అంటే పాత కారు కాదు

పాత మోడల్ ఆకారాన్ని గుర్తుచేసేలా, తయారైన నాటి సాంకేతికతతో కట్టిన బండిని రెట్రో కారు అంటారు. అసలు మినీ 1959లో వచ్చింది, 2000 వరకు తయారైంది. 2001లో బీఎండబ్ల్యూ తెచ్చిన మినీకి దానితో ఉన్నది పోలికే, విడిభాగాలు కలవవు. ఫియట్ 500 సంగతీ అంతే. మొదటిది 1957 జులై 4న, కొత్తది సరిగ్గా యాభై ఏళ్లకు 2007 జులై 4న విడుదలయ్యాయి. పాతదానికి ఇంజిన్ వెనక ఉండేది, కొత్తదానికి ముందుంది.

ఇక్కడ తెలియాల్సిన మాట ప్లాట్‌ఫామ్. కారు అడుగు నిర్మాణం, సస్పెన్షన్, స్టీరింగ్, ఇంజిన్ బిగించే చోట్లు కలిపి ఒక పునాది. ఒకే పునాది మీద కంపెనీలు నాలుగైదు రకాల బండ్లు కడతాయి. ఫోక్స్‌వ్యాగన్ న్యూ బీటిల్ నాలుగో తరం గోల్ఫ్ మీద, ఫియట్ 500 పాండా మీద కట్టినవి. 1991లో నిస్సాన్ 20,000 మాత్రమే చేసి లాటరీ పద్ధతిలో అమ్మిన ఫిగారో లోపల ఉన్నది మైక్రా.

కొనేవారికి దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. బ్రేకులు, బుష్‌లు, సెన్సర్లు, క్లచ్ లాంటివి మామూలు బండ్లతో పంచుకున్నవి కాబట్టి తేలిగ్గా దొరుకుతాయి. పైకి కనిపించే అద్దాలు, లైట్లు, క్రోమ్ పట్టీలు, బంపర్లు, డ్యాష్‌బోర్డు మాత్రం ఆ ఒక్క మోడల్‌వే. అందుకే ఫిగారోకు ఇంజిన్ భాగం సంపాదించడం కన్నా డోర్ మీది అలంకారం సంపాదించడం కష్టం. ఇంజిన్ బాగుండి బాడీ దెబ్బతిన్న మామూలు కారును చవగ్గా కొని బాగుచేసుకోవచ్చన్న లెక్క ఇక్కడ చాలాసార్లు తిరగబడుతుంది.

తోబుట్టువు లాంటి పాండా, గోల్ఫ్ తక్కువకు దొరుకుతుంటే వీటికెందుకు ఎక్కువ పెట్టాలన్న వాదన ఉంది. యంత్రం వరకే చూస్తే అది న్యాయమైన మాటే. వెనక సీటు, డిక్కీ కూడా వీటిలోనే చిన్నవి. కానీ రూపం కోసం ఇచ్చిన అదనపు సొమ్ము మళ్లీ అమ్మేటప్పుడు కొంతైనా వెనక్కి వస్తుందని అవతలివారి వాదన. అదీ నిజమే, బండి ముస్తాబు చెడకుండా ఉంటే.

కూపర్ ఎస్ అన్న పేరు వెనక ఏ ఇంజిన్ ఉంది?

బీఎండబ్ల్యూ మినీలకు తరాన్ని బట్టి లోపలి కోడ్‌లు ఉంటాయి. మొదటి తరం హ్యాచ్‌బ్యాక్ ఆర్50, అందులో కూపర్ ఎస్ ఆర్53, కన్వర్టబుల్ ఆర్52. రెండో తరం హ్యాచ్‌బ్యాక్ ఆర్56. మూడో తరం, అంటే 2014 నుంచి వచ్చింది, ఎఫ్56. అన్ని బాడీ రకాలూ ఒకేసారి మారకపోవడం వల్ల చిక్కు వస్తుంది. హ్యాచ్‌బ్యాక్ 2006 చివర్లో రెండో తరానికి మారినా కన్వర్టబుల్ 2008 వరకు మొదటి తరంలోనే నడిచింది. మొదట్లో చెప్పిన జంట అలా పుట్టిందే. 2014లో హ్యాచ్‌బ్యాక్ మూడో తరానికి వెళ్లాక కూడా కన్వర్టబుల్ 2015 వరకు, మినీలో పెద్ద రకమైన కంట్రీమ్యాన్ 2016 వరకు పాత ఇంజిన్లతోనే వచ్చాయి.

మొదటి తరం పెట్రోల్ ఇంజిన్ 1.6 లీటర్ల ట్రైటెక్. క్రైస్లర్, బీఎండబ్ల్యూ కలిసి బ్రెజిల్‌లో పెట్టిన కర్మాగారంలో తయారైంది. లోపలి భాగం మొండిది. జబ్బులన్నీ చుట్టూ బిగించిన వాటివే. కూపర్ ఎస్‌లో ఈటన్ సూపర్‌ఛార్జర్ ఉంటుంది. బెల్టుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని తోసే యంత్రమది. దాని రెండు చివర్లా గేర్ ఆయిల్ ఉన్న చిన్న గదులుంటాయి. కంపెనీ సర్వీసు పట్టికలో ఆ ఆయిల్ మార్చాలని లేదు. వాటర్ పంపును తిప్పేది కూడా ఆ సూపర్‌ఛార్జర్ చివరి గేరే. ఆయిల్ ఎండిపోతే గేరు పళ్లు అరుగుతాయి, పంపు ఆగుతుంది, ఇంజిన్ మరుగుతుంది. పంపు ఒక్కటి మార్చి, అరిగిన గేరును అలాగే వదిలేసిన బండి కొన్నాళ్లకే మళ్లీ షెడ్డుకు వస్తుంది. పంపు మార్చిన బిల్లులో సూపర్‌ఛార్జర్ ఆయిల్ ప్రస్తావన ఉందా లేదా అన్నది అందుకే చూస్తారు.

ఇదే తరంలో ఇంకో మూడు తెలిసిన చోట్లున్నాయి. కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్ అతుకు దగ్గర చీలుతుంది. పవర్ స్టీరింగ్‌ను నడిపే కరెంటు పంపు బండి అడుగున ఉంటుంది; దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాన్ దుమ్ము, రాళ్లు తగిలి ఆగితే పంపు వేడెక్కి పోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. అమెరికాలో దీని మీద 2015లో రీకాల్ కూడా జరిగింది. మూడోది సస్పెన్షన్ టవర్. బోనెట్ కింద, షాక్ అబ్జార్బర్ పైకొన బిగించే చోట రేకు పలచన. పంక్చర్ అయినా కొంత దూరం నడిచే గట్టి రన్‌ఫ్లాట్ టైర్లతో గుంతల్లో పడి పడి ఆ రేకు పైకి ఉబ్బుతుంది. దాని మీద స్టీలు స్కేలు అడ్డంగా పెడితే అంచుల దగ్గర వెలుతురు కనిపిస్తుంది. బోల్టులు నిటారుగా కాక పక్కకు వాలి ఉంటాయి. అలాంటి బండిలో వీల్ అలైన్‌మెంట్ నిలవదు.

రెండో తరంలో బీఎండబ్ల్యూ, ప్యూజో-సిట్రొయెన్ సంస్థతో కలిసి రూపొందించిన 1.6 లీటర్ల ఇంజిన్ వచ్చింది. టర్బో లేని కూపర్‌లో మొదట ఎన్12. కూపర్ ఎస్‌లో 2010 వరకు ఎన్14, ఆ తర్వాత ఎన్18. మినీలకు వచ్చిన చెడ్డపేరులో పెద్ద వాటా ఎన్14దే.

ఎన్14లో నాలుగు జబ్బులు ఎలా ముడిపడ్డాయి

వీటిని విడివిడిగా జాబితా వేస్తే అసలు కథ తెలియదు.

వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే గొలుసు టైమింగ్ చైన్. దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. ఆయిల్ తగ్గితే, లేదా పాతబడి పాడైతే, టెన్షనర్ సరిగా నొక్కదు. వదులైన చైన్ ప్లాస్టిక్ గైడ్లను కొట్టుకుంటుంది. గైడ్ ముక్కలు విరిగి కింద ఆయిల్ సంపులో పడతాయి. చైన్ పన్ను జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అక్కడితో ఇంజిన్ పని అయిపోయినట్టే. ఇక ఆయిల్ ఎందుకు తగ్గుతుంది? టర్బోకు వెళ్లే ఆయిల్ పైపు, వాల్వ్ కవర్ గాస్కెట్, వ్యాక్యూమ్ పంపు దగ్గర కారుతుంది. కొంత లోపలే కాలిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ సుమారు 4.2 లీటర్లు. ఒక బండి 1,000 కిలోమీటర్లకు అర లీటరు తాగుతోందనుకుందాం. డిప్‌స్టిక్ మీద పై గీతకూ కింది గీతకూ తేడా సుమారు ఒక లీటరు. అంటే 2,000 కిలోమీటర్లకే మట్టం కింది గీతకు వస్తుంది. యజమాని సర్వీసు లైటు వెలిగినప్పుడే, అంటే ఉదాహరణకు 15,000 కిలోమీటర్లకోసారే బోనెట్ ఎత్తుతాడనుకుంటే, ఆలోపు కావాల్సిన ఆయిల్ ఏడున్నర లీటర్లు. ఇంజిన్‌లో ఉన్నదాని కన్నా ఎక్కువ. ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు మట్టం గురించి చెప్పదు, ఒత్తిడి పడిపోయాక మాత్రమే వెలుగుతుంది. అప్పటికే చైన్ చాలా రోజులుగా వదులుగా తిరుగుతూ ఉంటుంది.

ఇంకో రెండు సమస్యలు ఇంధనం వైపువి. ఎన్14లో డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంది, అంటే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. పాత పద్ధతిలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వు మీదుగా వెళ్తూ దాన్ని కడిగేది. ఇక్కడ ఆ కడుగుడు లేదు కాబట్టి వాల్వుల వెనక కార్బన్ పేరుకుంటుంది. నిలబడినప్పుడు ఇంజిన్ వణకడం, పికప్ తగ్గడం దీని గుర్తులు. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. రెండోది హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు. అది బలహీనపడితే చాలాసేపు తిప్పితే గానీ స్టార్ట్ కాదు, రోడ్డు మీద ఉన్నట్టుండి శక్తి పడిపోతుంది. టర్బోను చల్లబరిచే అదనపు నీటి పంపు సర్క్యూట్ వేడెక్కి కాలే ప్రమాదం ఉందని 2012లో టర్బో మినీలను వెనక్కి పిలిచారు. ఆ పని జరిగిందో లేదో ఛాసిస్ నంబర్‌తో తెలుసుకోవచ్చు.

ఎన్18లో చైన్ సమస్య బాగా తగ్గింది. డైరెక్ట్ ఇంజెక్షన్ అదే కాబట్టి కార్బన్ మాత్రం అలాగే ఉంది. థర్మోస్టాట్ హౌసింగ్, దాని వెనక ప్లాస్టిక్ నీటి పైపు కారడం రెండో తరం మొత్తానికీ ఉన్న గోలే. ఎన్12లో వాల్వుల కార్బన్ బాధ లేదు, ఎందుకంటే అందులో పెట్రోల్ పాత పద్ధతిలోనే వస్తుంది. చైన్, ఆయిల్ విషయంలో మాత్రం దాన్నీ నమ్మి వదిలేయలేం.

మూడో తరంలో ఇంజిన్లు పూర్తిగా బీఎండబ్ల్యూవే: కూపర్‌లో మూడు సిలిండర్ల 1.5 లీటర్ల బీ38, కూపర్ ఎస్‌లో రెండు లీటర్ల బీ48. కొత్తవి కాబట్టి ధర ఎక్కువ, చిల్లర రిపేర్లు తక్కువ. పైన చెప్పిన చైన్, గైడ్ల బెడద వీటి గుర్తింపు కాదు.

ఎన్14ను ముట్టుకోకూడదా?

రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. మెకానిక్‌లు చాలామంది వద్దంటారు, ఎందుకంటే వాళ్ల దగ్గరికి వచ్చేవి పాడైన బండ్లే. చైన్, గైడ్లు, టెన్షనర్ కొత్త రకంవి వేయించి, ఆయిల్ తరచూ మారిస్తే ఇది హుషారైన, చవకైన కారని వాడేవాళ్లు అంటారు. అంకెల్లో చూస్తే ఇద్దరి మాటా ఎక్కడ కలుస్తుందో తెలుస్తుంది.

మంచి స్థితిలో ఉన్న ఎన్18 కూపర్ ఎస్ ధర 100 అనుకుందాం. ఈ అంకెలన్నీ లెక్క తెలియడానికి వేసుకున్నవి మాత్రమే. అలాగే కనిపించే ఎన్14 ధర 70. దానికి చైన్ సెట్టు 15, థర్మోస్టాట్, నీటి పైపు, పంపు కలిపి 8, కార్బన్ శుభ్రం 5, టైర్లు 6. మొత్తం 34 కలిస్తే 104. అంటే చవగ్గా కొన్నామనుకున్నది ఎన్18ను దాటిపోయింది. అదే ఎన్14కు చైన్ పని, కూలెంట్ పని ఈమధ్యే జరిగినట్టు బిల్లులుంటే 23 మిగులుతుంది, 81కి పడుతుంది. బండి అదే, ఇంజిన్ అదే, తేడా అంతా ఆ రెండు కాగితాలది. ‘అన్నీ చేయించాం’ అన్న మాటకు ఈ లెక్కలో విలువ లేదు. భాగాల నంబర్లు, తేదీ, ఆరోజు మీటర్ రీడింగ్ ఉన్న బిల్లుకే ఉంది.

ఆటోమేటిక్ అని రాసి ఉంటే ఏ ఆటోమేటిక్?

ప్రకటనల్లో ‘ఆటోమేటిక్’ అన్నది అన్నిటికన్నా అస్పష్టమైన మాట. మొదటి తరం మినీ కూపర్‌లో అది సీవీటీ, అంటే రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టుతో గేర్లు లేకుండా నడిచే రకం. త్వరగా పాడవుతుందన్న పేరుంది, బాగుచేసేవాళ్లు తక్కువ. అదే తరం కూపర్ ఎస్‌లో చివరి రెండేళ్లు వచ్చిన ఆటోమేటిక్ మాత్రం ఐసిన్ కంపెనీ ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ రకం, అంటే క్లచ్ ప్లేటు బదులు ఆయిల్ ద్వారా శక్తిని గేర్లకు అందించేది. ఇది ఎంతో నయం, రెండో తరంలోనూ ఇదే కొనసాగింది.

ఫియట్ 500లో డ్యుయాలాజిక్ అని ఉంటే అది అసలు ఆటోమేటిక్ కాదు. మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కు హైడ్రాలిక్ పంపు, యాక్చువేటర్ తగిలించి క్లచ్‌ను అదే నొక్కేలా చేసిన ఏఎంటీ. క్లచ్ ప్లేటు మాన్యువల్ కారులో లాగే అరుగుతుంది. ఎత్తు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తో నిలబెట్టే అలవాటున్న చేతుల్లో ఇంకా త్వరగా అరుగుతుంది. తలుపు తెరవగానే పంపు జుయ్‌మని రెండు మూడు సెకన్లు మోగి ఆగాలి. మాటిమాటికీ మోగుతుంటే లోపల ఒత్తిడి నిలవడం లేదని అర్థం.

న్యూ బీటిల్ తొలి బండ్లలోని నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో గేర్లు మార్చే ఆయిల్‌ను దారి మళ్లించే సోలెనాయిడ్లు, వాల్వ్ బాడీ పోవడం మామూలే. వేడెక్కాక గేరు మారేటప్పుడు గట్టిగా కుదుపు ఇస్తే అనుమానించాల్సింది వాటినే. మాన్యువల్ అయితే చింతే లేదా అంటే, మొదటి తరం మినీ కూపర్‌లో 2004 మధ్య వరకు వచ్చిన రోవర్ గేర్‌బాక్స్ బేరింగులు బలహీనం. తర్వాత గెట్రాగ్ వచ్చింది. 2004 బండి అయితే తయారీ నెల అడగాల్సింది ఇందుకే.

ఆ నెల ఎక్కడ దొరుకుతుంది? ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మినీ అయితే డబ్ల్యూఎండబ్ల్యూతో మొదలవుతుంది. చివరి ఏడింటిని డీలర్ విడిభాగాల కౌంటర్లో చెబితే తయారీ తేదీ, ఇంజిన్, గేర్‌బాక్స్, ఫ్యాక్టరీ రంగు వచ్చేస్తాయి. పదో అక్షరాన్ని బట్టి ఏడాది చెప్పొచ్చన్నది ఉత్తర అమెరికా బండ్లకు నమ్మదగిన సూత్రం. ఐరోపా బండ్లకు దాన్ని పట్టుకోలేం.

తక్కువ తిరిగిన బండి ఎప్పుడూ మేలు కాదు

పన్నెండేళ్లలో 30,000 కిలోమీటర్లు తిరిగిన న్యూ బీటిల్, 1,20,000 తిరిగిన ఇంకొకటి. చూడగానే మొదటిదే ముద్దొస్తుంది. కానీ ఈ బండ్లలో ఎక్కువ వాటికి చైన్ బదులు ఉండే టైమింగ్ బెల్ట్ రబ్బరు, దానికి కిలోమీటర్లతో పాటు ఏళ్ల పరిమితీ ఉంటుంది. మొదటిదానికి కంపెనీ బెల్టే ఇంకా ఉంటే అది తిరిగిన దూరం చూసి ధైర్యపడలేం. అలాంటి ఇంజిన్లలో వాటర్ పంపును తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. చాలా పంపుల్లో లోపలి రెక్కలు ప్లాస్టిక్‌వి, అవి పగిలేవి. బెల్టు మార్చి పంపు మార్చని బిల్లు సగం బిల్లే. రెండో బండికి బెల్ట్, టెన్షనర్, పంపు మార్చిన కాగితం ఉంటే యంత్రం వరకు దానిదే పైచేయి. సీట్లు, డోర్ ప్యాడ్ల మీద మెత్తటి పూత రాలిపోకుండా ఉండటంలో మాత్రం మొదటిదానిది.

టైర్లకూ ఇదే వర్తిస్తుంది. టైరు పక్కన 2319 అని నాలుగంకెలుంటే 2019లో 23వ వారంలో చేసినదని. అరుగుదల లేకపోయినా వయసు దాచలేదు. మినీల్లో చాలావాటికి స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ల మీదే ఆధారం. వాటి స్థానంలో మామూలు టైర్లు వేసి ఉంటే రైడ్ మెత్తగా ఉంటుంది గానీ పంక్చర్ అయితే డిక్కీలో ఏముందన్నది వేరే ప్రశ్న.

ఫియట్ 500 మల్టీఎయిర్, ట్విన్‌ఎయిర్ ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వులను తెరిచేది నేరుగా క్యామ్ (వాల్వులను నొక్కే ఉబ్బెత్తు చక్రం) కాదు, ఇంజిన్ ఆయిల్ ఒత్తిడే. చిక్కదనం తప్పు ఉన్న ఆయిల్ పోసినా, మట్టం తగ్గినా ఆ యాక్చువేటర్ దెబ్బతిని సిలిండర్ మిస్ అవుతుంది. ఫైర్ అన్న పేరున్న సాదా 1.2 లీటర్ల ఇంజిన్‌కు ఈ బాధ లేదు. పరుగు లేదని విమర్శించే ఆ ఇంజినే సెకండ్ హ్యాండ్‌లో తక్కువ తలనొప్పి.

తడి కార్పెట్, పడిపోయిన అద్దం

రెండో తరం మినీలో లైట్లు, కిటికీ అద్దాలను నడిపే కంప్యూటర్ డబ్బా కాళ్ల దగ్గర ఉంటుంది. సన్‌రూఫ్ నీళ్లు పోయే సన్నటి గొట్టాలు మట్టితో మూసుకుపోతే ఆ నీరు లోపలికి దిగుతుంది. పైన ఆరినట్టున్నా కార్పెట్ కింది స్పాంజి నెలలపాటు తడిగా ఉంటుంది, వేలితో నొక్కితే తెలుస్తుంది. వోల్టేజి పడిపోయినా, అడ్డదిడ్డంగా జంప్ స్టార్ట్ చేసినా ఇదే డబ్బా మెమరీ చెడి కిటికీలు, లైట్లు ఒక్కసారే పనిమానేస్తాయి.

న్యూ బీటిల్‌లో కిటికీ అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు విరిగి అద్దం తలుపులోకి జారిపోతుంది. ఫియట్ 500లో తలుపు బయటి హ్యాండిల్ విరుగుతుంది, డిక్కీ తలుపు కీలు దగ్గర వైర్లు మడతపడి తెగుతాయి. ఇవి బేరమాడుకునేంతవే, బండి వదులుకునేంతవి కావు.

చల్లటి ఇంజిన్, చెరిపేసిన మెమరీ

చైన్ వదులుగా ఉంటే రాత్రంతా ఆగిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లోనే గలగలమని చప్పుడు వస్తుంది. ఆయిల్ ఒత్తిడి ఎక్కాక సద్దుమణుగుతుంది. మనం వెళ్లేసరికే బోనెట్ వెచ్చగా ఉంటే ఆ చప్పుడు వినే అవకాశం పోయినట్టే. బండిని ముందే వేడిచేసి ఉంచడంలో దురుద్దేశం ఉండాలనేం లేదు; కడిగి తెచ్చినా వెచ్చగానే ఉంటుంది. మరో ఉదయం రమ్మంటే సరిపోతుంది.

కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న తప్పులను చదివే ఓబీడీ స్కానర్ పెడితే తప్పుల కోడ్‌లు ఏమీ కనిపించకపోవచ్చు. అంతకన్నా ముఖ్యమైంది రెడీనెస్ మానిటర్లు. కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా అన్నది అవి చెబుతాయి. కోడ్‌లు చెరిపేస్తే ఈ పరీక్షలన్నీ మొదటికొచ్చి ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తాయి. బ్యాటరీ తీసి పెట్టినా చాలా బండ్లలో ఇదే జరుగుతుంది. కాబట్టి ‘నిన్నే బ్యాటరీ మార్చాం’ అన్న జవాబు అబద్ధం కానక్కర్లేదు. కొత్త బ్యాటరీ బిల్లు మీద తేదీ చూసి, కొన్ని రోజులు మామూలుగా తిప్పాక మళ్లీ స్కాన్ చేయించమంటే అసలు సంగతి బయటపడుతుంది. ఆర్53లో ఆ బ్యాటరీ బోనెట్ కింద వెతికితే దొరకదు, డిక్కీలో ఉంటుంది.